మొగ దాకా తీసుకెళ్తామని మధ్యలోనే తిప్పేశారు, డబ్బు వాపసు వస్తుందా?

ప్రశ్న: మాది నిజామాబాద్. ఇంటిల్లిపాదీ ఎనిమిది మందిమి నరసాపురం రేవు నుంచి అంతర్వేది మీదుగా, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరి అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేలా లాంచీ మాట్లాడుకున్నాం. లాంచీ మొత్తం మాకేనని వాట్సాప్‌లో రాసిచ్చారు. 14 వేలు ముందే కట్టించుకున్నారు. తీరా వెళ్తే ఇంకో పదిహేను మందిని ఎక్కించారు. లైఫ్ జాకెట్లు పదకొండే ఉన్నాయి. మొగ దగ్గరికి వచ్చేసరికి అలలు ఎక్కువగా ఉన్నాయని సరంగు (లాంచీ నడిపేవాడు) వెనక్కి తిప్పేశాడు. డబ్బు అడిగితే రసీదు వెనక చూడమన్నారు. అక్కడ ‘డబ్బు వాపసు లేదు, ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని అచ్చు వేసి ఉంది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ మీ కోపం సరంగు మీదికి పోతోంది, ముందు దాన్ని పక్కన పెట్టండి. మొగ దగ్గర పోటు సముద్రం నుంచి, ప్రవాహం నది నుంచి ఎదురెదురు పడతాయి. అక్కడ అలలు చూసి వెనక్కి తిప్పినవాడు ఆ రోజు మీకు మేలే చేశాడు. ‘తిప్పేశాడు కాబట్టి సేవా లోపం’ అని ఫిర్యాదులో రాస్తే, మొదటి వాయిదాలోనే ఎదుటి లాయరు దాన్నే పట్టుకుంటాడు. వెళ్లలేకపోయిన భాగానికి తీసుకున్న సొమ్ము మాత్రం అడగొచ్చు. ఎవరి తప్పూ లేకుండా ఒప్పుకున్న పని అసాధ్యమైతే ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్, అప్పటికే అందుకున్న లాభం తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతాయి.

మీ అసలు బలం వేరే చోట ఉంది. లాంచీ మీ ఒక్కరికే అని డబ్బు తీసుకుని, అందులోనే పదిహేను మందిని ఎక్కించడం మాట తప్పడం. ఇరవై మూడు మందికి పదకొండు జాకెట్లు ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పు. ఈ రెండూ వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవా లోపాలే. ఫిర్యాదును వీటి మీదే నిలబెట్టండి.

ఇక రసీదు వెనక రాత. తన నిర్లక్ష్యానికి తానే ముందుగా మాఫీ రాసుకుంటే చట్టం ఊరుకోదు. అయితే ఒక మెలిక ఉంది. ‘ఈ షరతే అన్యాయమైన ఒప్పందం’ అని దాన్ని విడిగా సవాలు చేయాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. 14 వేల కోసం అంత దూరం ఎందుకు? జిల్లా కమిషన్‌లో సేవా లోపం నిరూపిస్తే చాలు.

ఆ కమిషన్ కూడా మీ ఊళ్లోనే. యాత్ర నరసాపురంలో జరిగినా, ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోటే దాఖలు చేయొచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి. కొన్ని వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి. అది కుదరకపోతే పదిహేను రోజుల గడువు ఇస్తూ యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పరిహారం లక్షల్లో అడగకండి. కమిషన్ సభ్యులు కూడా పడవెక్కినవాళ్లే, అతిగా అడిగితే మీ నిజం మీదే అనుమానం వస్తుంది.

జాకెట్ల సంగతి మాత్రం డబ్బుతో వదిలేయొద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటక బోటు మునిగి పదుల మంది పోయారు, మనమింకా మరిచిపోలేదు. మోతకు (మోయగల సామర్థ్యానికి) మించి జనాన్ని ఎక్కించి, ప్రాణాలకు ముప్పు తెచ్చేలా కిరాయికి పడవ నడపడం భారతీయ న్యాయ సంహిత 284వ సెక్షన్ కింద నేరం. ఇక్కడ అసలు ప్రశ్న, ఆ లాంచీ మోత ఎంత? ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం, 2021 ప్రకారం యంత్రంతో నడిచే ఇలాంటి లాంచీకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ ఉండాలి. ఎంతమందిని ఎక్కించవచ్చో అందులో ఉంటుంది. ఆ కాగితాల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏ కార్యాలయమో అంతుపట్టకపోతే భీమవరం కలెక్టరేట్‌కి పంపండి, సంబంధిత విభాగానికి ఐదు రోజుల్లో బదిలీ చేయాల్సిన బాధ్యత వాళ్లది. పదిహేను మందికే అనుమతి ఉందని తేలితే మీ ఫిర్యాదు సగం గెలిచినట్టే.

సాక్ష్యాల మాట. వాట్సాప్ సంభాషణను చెరపకండి, చెల్లింపు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. లాంచీలో పిల్లలు తీసిన వీడియోలు చూడండి, జాకెట్ లేకుండా కూర్చున్నవాళ్లు తప్పక కనిపిస్తారు. వీటికి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) జతచేస్తే ఎదుటివాళ్లకు ఒక అభ్యంతరం తగ్గుతుంది. రసీదుకు రెండు వైపులా ఫొటో తీయండి. చాలామంది ముందు వైపే తీసుకుని వస్తారు, గొడవంతా వెనక వైపు ఉంటుంది.