మాత్రలు మానే ముందు పరీక్ష చేయించుకోండి

నా వయసు 34. ఒక పాప, ఒక బాబు. బాబు పుట్టాక ఏడేళ్లుగా గర్భనిరోధక మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య మా తోడికోడలికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. ఆవిడా మాత్రలు వాడేది. మానెయ్యమని అత్తగారు, మావారు ఒకటే పోరు. ఆ జబ్బు శారీరక సంబంధం వల్ల అంటుకునే వైరస్‌తో వస్తుందట. పరీక్షలో ఏదైనా తేలితే మావారు నన్ను అనుమానిస్తారేమోనని వెళ్లలేకపోతున్నాను. - ఒక సోదరి

ముందు పరీక్షకు వెళ్లండమ్మా. మాత్రల సంగతి ఆ తర్వాత డాక్టరుతో తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ ఇంట్లోవాళ్ల భయం పూర్తిగా ఉత్తిదేమీ కాదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అనే హార్మోన్లు కలిసిన మాత్రలు ఐదేళ్లకు మించి వాడేవారిలో ఈ క్యాన్సర్ ముప్పు, వాడనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపని 24 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. రెట్టింపు అనగానే గుండె గుభేల్మంటుంది. కానీ వాళ్ల లెక్క పూర్తిగా చూడండి. వర్ధమాన దేశాల్లో 20 నుంచి 30 ఏళ్ల వరకు పదేళ్లపాటు మాత్రలు వాడితే, 50 ఏళ్లు వచ్చేలోగా ఈ క్యాన్సర్ వచ్చేవాళ్లు వెయ్యికి 7.3 నుంచి 8.3కి పెరుగుతారు. అంటే వెయ్యి మందిలో అదనంగా ఒక్కరు. మాత్రలు ఆపాక ఆ ముప్పు కూడా తగ్గుతూ వచ్చి, పదేళ్లకు ఎప్పుడూ వాడనివాళ్లతో సమానమవుతుంది. ఇవే మాత్రలు అండాశయ క్యాన్సర్, గర్భాశయం లోపొర క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి. వాడుతున్నంతకాలం రొమ్ము క్యాన్సర్ ముప్పు మాత్రం కొద్దిగా పెరుగుతుంది.

దాదాపు ప్రతి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది ఒంట్లో తిష్ఠ వేస్తేనే ఏళ్ల తరబడి కణాలు మారుతూ వస్తాయి. అందుకే మీ తోడికోడలికి జబ్బు మాత్రలవల్లే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. ఆవిడ ముందు ఆ మాట ఎత్తనివ్వకండి. ఇప్పుడు ఆవిడకు కావాల్సింది నింద కాదు, తోడు.

ఇక మీ అసలు భయం. కాపురం చేసే ఆడా మగా చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో లక్షణమేదీ లేకుండా ఏళ్లపాటు ఉండిపోతుంది. పరీక్షలో కనిపించినా అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేరు. కాబట్టి అది మీ శీలానికీ, మీవారి శీలానికీ సాక్ష్యం కాదు. ఈ మాట ఆయన మీ నోట కంటే డాక్టరు నోట వినడం మంచిది. వెంట తీసుకెళ్లండి. రానంటే మీరొక్కరే వెళ్లండి, ఆగిపోవద్దు.

పరీక్ష కొద్ది నిమిషాల పని. మత్తు అక్కర్లేదు. చిన్న పరికరంతో దారి తెరిచి, మెత్తటి బ్రష్‌తో ముఖద్వారం మీది కణాలు తీస్తారు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అంతే. బహిష్టు లేని రోజు చూసుకుని వెళ్లండి. 30 దాటిన స్త్రీలు ఐదు నుంచి పదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కణాల్లో మార్పు క్యాన్సర్ కాకముందే దొరికితే అక్కడికక్కడే తీసేయవచ్చు. కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరి కాని రోజుల్లో కనిపించినా పరీక్ష గడువు కోసం చూడకుండా వెంటనే వెళ్లండి.

మాత్రలు మానాలనే అనుకుంటే మానండి, కానీ బదులుగా ఇంకో పద్ధతి ముందే చూసుకోండి. వేరే ఏర్పాటు లేకుండా ఆపితే అక్కర్లేని గర్భం మోయాల్సింది మీరే. హార్మోన్లు లేని కాపర్ టీ ఉంది. కండోమ్ ఉంది, అది హెచ్‌పీవీ నుంచి కొంత రక్షణ కూడా ఇస్తుంది. ఇక పిల్లలు వద్దనుకుంటే మీవారు వేసెక్టమీ, అంటే మగవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, చేయించుకోవచ్చు. మానమని గట్టిగా పట్టుబడుతున్న ఆయన ఈ బాధ్యతలో సగం తీసుకోవడం న్యాయమని నా అభిప్రాయం. ఆ మాట మెత్తగానైనా స్పష్టంగా అడగండి.

అలాగే పాపకు హెచ్‌పీవీ టీకా వేయించారా? 9 నుంచి 14 ఏళ్ల మధ్య, వైరస్ సోకకముందే వేస్తే బాగా పనిచేస్తుంది. మీ పరీక్షకు వెళ్లిన రోజే దాని గురించీ అడిగి రండి.