పచ్చ చీర అంటే ఏ రంగు చీర?

సందేహం: అమ్మానాన్నల షష్ఠిపూర్తికి ఇంటిల్లిపాదీ ఫొటోలు దిగాలనుకున్నాం. "ఆడవాళ్లు పచ్చ చీరలు, మగవాళ్లు తెల్ల పంచెలు" అని వాట్సాప్‌లో పెడితే సగం మంది పసుపు రంగువి, సగం మంది ఆకుపచ్చవి కొనేశారు. మద్రాసు పిన్ని పచ్చంటే ఆకుపచ్చే అంటుంది, పెద్దత్త పసుపే అంటుంది. ఎవరిది ఒప్పు?

సమాధానం: ఇద్దరిదీ ఒప్పే. తప్పంతా మెసేజిది.

పచ్చగడ్డి, పచ్చబొట్టు, నవరత్నాల్లో పచ్చ ఆకుపచ్చగా ఉంటాయి. పచ్చసొన, పచ్చగన్నేరు, పచ్చజొన్నలు పసుపుగా ఉంటాయి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందన్నప్పుడు కూడా అది పసుపే. పచ్చని పైరు ఒక రంగు, పచ్చని మేనిఛాయ ఇంకో రంగు. అయినా రోజువారీ మాటల్లో ఎవరూ తికమకపడరు, ఎందుకంటే గడ్డి ఏ రంగో, గుడ్డులో సొన ఏ రంగో వినేవాడికి ముందే తెలుసు. పక్కనున్న వస్తువే రంగు తేల్చేస్తుంది. చీరకి అలా పుట్టు రంగంటూ లేదు కదా! అందుకే బట్టల దగ్గర ఒట్టి 'పచ్చ' పనికిరాదు.

పచ్చ, పసరు, పసుపు, పసిడి అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. తమిళంలో ఆ ధాతువు మాటైన 'పచ్చై' ఆకుపచ్చకే స్థిరపడింది, పసుపుకి 'మంజళ్' అని వేరే మాట ఉంది. మీ పిన్ని చెవిన రోజూ పడేది అదే. కన్నడంలోనూ పకారం హకారమై 'హసిరు' అంటే ఆకుపచ్చే. బెంగళూరు చుట్టాలుంటే వాళ్లూ పిన్ని వైపే చేరతారు. ఇక పచ్చిమిరపలోని 'పచ్చి' వేరే సంగతి. అక్కడ రంగు ప్రసక్తి లేదు, పండనిదీ ఎండనిదీ అని అర్థం. దాన్ని 'పచ్చమిరప' అని రాయకూడదు.

కాబట్టి ఆకుపచ్చ అనో పసుపుపచ్చ అనో పూర్తిగా రాయండి. ఛాయ కూడా చెప్పాలి. కలిపి రాస్తే లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ, చిలకాకుపచ్చ. విడదీస్తే 'లేత ఆకుపచ్చ'. 'లేతఆకుపచ్చ' అని మాట నడుమ అచ్చు పెట్టడం బాగుండదు. పసుపు ఛాయలకి నిమ్మపండు రంగు, గంధం రంగు అంటే అందరికీ ఒకటే తోస్తుంది. బంతిపువ్వు రంగు అనొద్దు, బంతి నారింజ రంగులోనూ పూస్తుంది. 'పసుపు బట్టలు' అన్నా చిక్కే. శుభకార్యం కదా, పసుపులో ముంచిన బట్టలనుకునే పెద్దవాళ్లుంటారు. 'పసుపు రంగు చీర' అంటే ఆ గొడవ లేదు.

అంచు దగ్గర మాటల వరస ముఖ్యం. 'చీర' అన్న మాటకి ఆనుకుని ఉన్న రంగు ఒంటిది, దానికి ముందున్నది అంచుది. 'ఎర్ర అంచు ఆకుపచ్చ చీర' అంటే అనుమానం రాదు. 'ఆకుపచ్చ ఎర్ర అంచు చీర' అంటే అంచులో రెండు రంగులా అని అడుగుతారు.

'తెల్ల పంచె' కూడా అంత తెల్లనిదేం కాదు. పట్టుపంచె చాలావరకు మీగడ రంగులో ఉంటుంది. నీలిమందు పెట్టి ఉతికిన నూలు పంచె పక్కన నిలబడితే ఫొటోలో మాసినట్టు కనిపిస్తుంది. నూలో పట్టో మీరే చెప్పాలి.

మెసేజి ఇలా ఉంటే సరిపోయేది: "ఆడవాళ్లు జరీ అంచు ముదురాకుపచ్చ పట్టుచీర, మగవాళ్లు మీగడ రంగు పట్టుపంచె, అదే రంగు చొక్కా." ఫొటోలు తోటలో అయితే మాత్రం ముదురాకుపచ్చ చెట్లలో కలిసిపోతుంది, అక్కడికి పసుపు రంగే మేలు.

కొన్న చీరలు మార్చక్కర్లేదు. పసుపు, ఆకుపచ్చ పక్కపక్కన నప్పే రంగులే. కాకపోతే ఒక రంగు వాళ్లందరినీ ఒక పక్కన నిలబెట్టకండి, మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ అనుకుంటారు. ఒకరు విడిచి ఒకరుగా కలపండి.

అడగని మాట ఒకటి. అరవైని 'షష్టి' అంటారు, ఒత్తు ఠ ఉన్న 'షష్ఠి' ఆరో తిథి. మీ ఉత్తరంలో ఉన్నట్టే వెనక కట్టే బ్యానర్ మీద కూడా రాయిస్తే ప్రతి ఫొటోలోనూ పడుతుంది. 'షష్టిపూర్తి' అని దిద్దించండి.