జైల్లో పదో తరగతి చదివిస్తే ఎవరికి లాభం?

ఖైదీలకు పదో తరగతి చదివించడం పన్నుల డబ్బు దండగ కాదా అని ఒకరు అడిగారు. రిటైరయ్యాక రెండేళ్లు ఒక సెంట్రల్ జైల్లో ఓపెన్ స్కూల్ (రోజూ బడికి వెళ్లకుండా చదివి రాసే) పరీక్షకు కట్టినవాళ్లకు లెక్కలు చెప్పాను. దండగ కాదు. అసలు ఖర్చెంతని? పుస్తకాలు, పరీక్ష ఫీజు, ఒక నల్లబల్ల, అంతే.

జ్యామితిలో నిర్మాణాల పాఠం చెప్పిన రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది. వృత్తలేఖినికి (కంపాస్‌కి) మొన ఉంటుంది కాబట్టి గేటు దగ్గరే ఆపేశారు. అది లేకుండా కోణాన్ని రెండు సమభాగాలు ఎలా చేయించాలి? నేను నిలబడి ఆలోచిస్తుంటే వెనక వరసలో నలభై దాటిన ఒక తాపీ మేస్త్రి లేచి, దుప్పటి అంచు నుంచి దారం లాగి, ఒక కొస పెన్సిల్‌కి కట్టి, రెండో కొస బొటనవేలితో నొక్కిపట్టి గుండ్రంగా గీసేశాడు. "పునాది వేసేటప్పుడు మూలమట్టం ఇలాగే చూస్తాం సార్, మూడు, నాలుగు, ఐదు కొలతలు పెడితే తప్పదు" అన్నాడు. నేను ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన పైథాగరస్ సిద్ధాంతం అతను ఇరవై ఏళ్లుగా ఇళ్ల పునాదుల్లో వాడుతున్నాడు, దాని పేరు మాత్రం తెలియదు. ఆ రోజు నుంచి అతనికి లెక్కలంటే భయం పోయింది, పక్కవాళ్లకు కూడా తనే చెప్పేవాడు.

అతను రిమాండు ఖైదీ, ఇంకా శిక్ష పడలేదు. లెక్కల పరీక్ష రోజే అతను కోర్టులో హాజరు కావాల్సిన తేదీ కూడా వచ్చింది. హాల్‌టికెట్ జేబులో ఉంది, పొద్దున్నే పోలీసు ఎస్కార్ట్ వచ్చింది, వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి జడ్జిగారు సెలవట, ఇంకో తేదీ ఇచ్చారన్నాడు. మార్కుల జాబితాలో మిగతా అన్నిట్లో పాసు, లెక్కల్లో ఆబ్సెంట్.

నా బాధంతా ఇక్కడే. ఫలానా జీవిత ఖైదీ పది పాసయ్యాడని పేపర్లో ఫొటో వేస్తారు, సంతోషమే. కానీ మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి డెబ్బై ఐదు మందికి పైగా మా మేస్త్రిలా ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలేనని 2022 జాతీయ నేర రికార్డుల లెక్కే చెబుతోంది. వీళ్లు ఎప్పుడు బెయిల్ మీద పోతారో, ఎప్పుడు ఇంకో జైలుకు మారుస్తారో తెలియదు కాబట్టి వీళ్ల చదువు ఎవరికీ పట్టదు. పరీక్షల టైంటేబుల్ చాలా ముందే వస్తుంది. ఆ తేదీలు కోర్టుకు ఒక కాగితం మీద రాసి పంపితే, ఆ రోజు వాయిదా వేరే తేదీకి మార్చొచ్చు, లేదా వీడియోలో హాజరు తీసుకోవచ్చు. జైలు వాళ్లను అడిగితే అది మా పని కాదన్నారు.

ఓపెన్ స్కూల్లో పాసైన సబ్జెక్టులు పోవు, 5 ఏళ్లలో 9 సార్లు రాసుకోవచ్చు. మా మేస్త్రికి తర్వాత బెయిల్ వచ్చింది. వెళ్లేటప్పుడు లెక్కల పుస్తకం అడిగి తీసుకెళ్లాడు, అందులో ఆ దారం కూడా ఉంది.