ఆరు ఇంచుల ఇటుక కొనేముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

గోడలకు ఆరు ఇంచుల సిమెంటు ఇటుకలు చెప్పబోతున్నానని ఫోనులో అన్నావు. బయానా ఇచ్చేలోగా ఈ ఉత్తరం నీకు చేరాలి.

ఆరు ఇంచులు అన్నది ఇటుక మందం మాత్రమే. మన దగ్గర సిమెంటు ఇటుకను మందంతోనే పిలుస్తారు: నాలుగు ఇంచులది, ఆరు ఇంచులది, ఎనిమిది ఇంచులది. పొడవు పదహారు, ఎత్తు ఎనిమిది అన్నది ఎవరూ విడిగా చెప్పరు. చిక్కంతా ఆ చెప్పని ఎత్తులోనే ఉంది.

సిమెంటు ఇటుకలకు భారత ప్రమాణమైన ఐఎస్ 2185లో 400×200×150 అని ఉంటే అవి వరుసగా పొడవు, ఎత్తు, మందం, మిల్లీమీటర్లలో. కానీ ఆ 400, 200 అనేవి ఇటుకల మధ్య వేసే 10 మిల్లీమీటర్ల సిమెంటు మాలు కూడా కలిపిన కొలతలు. ఇటుక ఒక్కటే అయితే పొడవు 390, ఎత్తు 190. మన వైపు నిండు 200 ఎత్తుతో అచ్చు పోసేవారూ ఉన్నారు. రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు.

నా ఇంటికి ఈ తేడా తెలియక నష్టపోయాను. పది వరుసలకు 2000 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుందని ప్లాను గీయించాను. వచ్చినవి నిండు 200 ఇటుకలు. మాలుతో వరుసకు 210 చొప్పున పదో వరుసకు 2100 అయింది. లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే కాంక్రీటు దూలం) మట్టానికి నాలుగు ఇంచులు పైకి పోయింది గోడ. పై వరుస ఇటుకలన్నీ మిషనుతో కోయించాల్సి వచ్చింది. ఆ దుమ్ము, ఆ విరిగిన ముక్కల కుప్ప ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

అందుకే టేపు పట్టుకుని నువ్వే వెళ్లు. ఒక్క ఇటుక కొలిస్తే చాలదు. వేర్వేరు వరుసల నుంచి పది తీయించి, ఒకదానిపై ఒకటి పేర్చి మొత్తం ఎత్తు చూడు. ఎత్తులో మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉన్న ఇటుకను ప్రమాణం ఒప్పుకోదు.

గుల్ల ఇటుకో, గట్టిదో కూడా కాగితం మీద రాయించు. బిల్లులో సి(5.0) అని ఉంటే అది గట్టి ఇటుక, సగటు బలం చదరపు మిల్లీమీటరుకు 5 న్యూటన్లు. గుల్లవాటికి ఏ(3.5) వంటి గుర్తులుంటాయి. పోసిన తేదీ తప్పకుండా అడుగు. క్యూరింగు (నీళ్లతో తడపడం) అయ్యాక సరిగా ఆరని ఇటుక గోడలోకి వెళ్లాక కుంచించుకుని పగుళ్లు తెస్తుంది.

వంద చదరపు అడుగులకు, మాలుతో కలిపి పదహారు–ఎనిమిది లెక్కన, 113 ఇటుకలు పడతాయి. విరిగేవాటికి కొన్ని అదనం.

పది ఇటుకల ఎత్తు ఎంత వచ్చిందో రాసి పంపు. కిటికీలకు, లింటెల్‌కు వరుసల లెక్క నేను వేసి పంపుతాను.

మీ మామయ్య