అత్తగారి చేతికి బరువైన మట్టి పళ్లెం
(మట్టి పని: మీ ప్రశ్నలు, కడప నుంచి జవాబులు)

ప్రశ్న: ఆరు నెలలుగా కరెంటుతో తిరిగే కుమ్మరి సారె మీద పని నేర్చుకుంటున్నాను. గిన్నెలు, లోటాలు బాగానే వస్తున్నాయి, భోజనం పళ్లేలే కుదరడం లేదు. 2 కిలోల మట్టి పెట్టి, కాల్చాక 11 అంగుళాలు వచ్చేలా చేస్తే ఒక్కోటి కిలోంబావు తూగుతోంది. మా అత్తగారికి పళ్లెం ఎడమ చేత్తో పట్టుకుని తినడం అలవాటు. రెండు ముద్దలు తినేలోపే కింద పెట్టేశారు. పలచగా చేస్తే అంచు వంకర పోతోంది, నడుమ చీలుతోంది. ఏం చేయమంటారమ్మా?
ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అత్తగారు పళ్లెం కింద పెట్టేశారని రాశారే, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. కొలత అక్కడి నుంచే మొదలుపెడదాం. అంచు పట్టుకుని ఎత్తేవారికి పళ్లెం వెడల్పయ్యేకొద్దీ బరువు పెరుగుతుంది, ఆ బరువు మణికట్టుకు దూరం కూడా అవుతుంది. అందుకని ముందు 11 అంగుళాల నుంచి 10కి దిగండి. పోయేది ఒక్క అంగుళమే అనిపిస్తుంది గానీ వైశాల్యంలో ఆరో వంతు తగ్గుతుంది. సంగటి ముద్ద, దాని పక్కన పులుసు, ఓ చెంచా వేరుశనగ చట్నీ 10 అంగుళాల్లో హాయిగా ఇముడుతాయి.

2 కిలోల మట్టి కూడా ఎక్కువే. 10 అంగుళాల పళ్లెం 5, 6 మిల్లీమీటర్ల మందంతో కాలితే అంచు, అడుగు కలుపుకుని 650 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. పచ్చి మట్టిలో దాదాపు ఐదో వంతు నీరే. కాలేటప్పుడు ఇంకొంత పోతుంది, చెక్కేటప్పుడు పావుకిలో పోతుంది. వెనక్కి లెక్క కట్టుకుంటే 1,300 గ్రాములు సరిపోతుంది. ప్రతి ముద్దనూ తూచి పెట్టుకోండి, కంటి అంచనాను నమ్మకండి. మీ మట్టి ఎంత కుంచించుకుపోతుందో కూడా ముందే తెలియాలి. తడి మట్టి పట్టీ మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, కాల్చాక కొలవండి. 9 వస్తే, సారె మీద పళ్లెం 11 అంగుళాలకు కొంచెం పైన ఉన్నప్పుడు ఆపాలి.

ఇప్పుడు అసలు విషయం. పళ్లేన్ని సారె మీదే పలచగా తీయాలని చూస్తున్నారు, అందుకే వంకర పోతోంది. తడిగా ఉన్నప్పుడు వెడల్పాటి అంచు నిలబడాలంటే దాని కింద కొంత మట్టి ఉండి తీరాలి. అడుగు 8, 9 మిల్లీమీటర్లు ఉంచండి. దబ్బనం గుచ్చి, మట్టి దగ్గర గోరు ఆనించి, బయటికి తీస్తే మందం తెలుస్తుంది. అంచును చిట్టచివర, సారె వేగం బాగా తగ్గించి, ఒకే ఊపులో వాల్చండి. వాల్చాక మళ్లీ సవరించబోవద్దు.

నడుమ చీలికకు ముఖ్య కారణం అడుగు మట్టి నలిగి బిగుసుకోకపోవడం. గోడను పైకి లాగేటప్పుడు మట్టి వేళ్ల కింద నలిగి బిగుస్తుంది. అడుగుకు ఆ నొక్కుడు పడదు, పైగా నీళ్లు అక్కడే నిలుస్తాయి. కొబ్బరి చిప్ప ముక్క అంచును నున్నగా అరగదీసి, దానితో నడుమ నుంచి అంచు దాకా, అంచు నుంచి నడుమ దాకా నాలుగైదు సార్లు గట్టిగా నొక్కండి. నిలిచిన నీటిని స్పాంజితో పూర్తిగా తీసేయండి. పళ్లెం కింది పలక నుంచి విడిపోయేలా అడుగున సన్నటి తీగ వెంటనే ఒకసారి లాగండి, కొన్ని గంటలయ్యాక మళ్లీ లాగండి. పలకకు అంటుకుని ఉంటే ముడుచుకోవడానికి చోటు లేక మట్టి తనంతట తానే చీలుతుంది.

బరువు తీసేది మర్నాడు. వేలు నొక్కితే దిగకూడదు, గోరు పెడితే గీత పడాలి. మట్టి ఆ పదునులో ఉన్నప్పుడు పళ్లేన్ని సారె మీద బోర్లించండి. నడుమ కుంగకుండా గుడ్డ చుట్టిన మెత్తటి మట్టి ముద్ద ఒకటి కింద ఆసరాగా పెట్టండి. ఇప్పుడు అడుగు ముగిసి అంచు పైకి లేచే మలుపు దగ్గర చేత్తో తడమండి. లోపలి నుంచి చూస్తే అక్కడ ఏమీ కనబడదు, బయట మాత్రం వలయంలా మట్టి పేరుకుని ఉంటుంది. మీ అత్తగారి చేతిని నొప్పించిన బరువులో పెద్ద భాగం అదే. లోపలి వంపు ఎలా ఉందో బయటి వంపూ అలాగే వచ్చేదాకా చెక్కండి. తొక్కలు పొడవుగా, సన్నగా, తెగకుండా వస్తున్నాయంటే పదును సరిపోయింది. పొడిపొడిగా రాలితే ఆలస్యం చేశారు. మధ్యలో ఆగి వేలితో తట్టి వినండి. మందంగా ఉన్నచోట మొద్దుగా, పలచబడ్డచోట డొల్లగా మోగుతుంది. నేను దబ్బనం కంటే ఈ చప్పుడునే ఎక్కువ నమ్ముతాను.

అడుగున రెండు గట్లు వదలండి. ఒకటి మలుపుకు కాస్త లోపల, రెండోది నడుమ చిన్నగా. వెడల్పాటి అడుగు కుంగిపోకుండా ఆ చిన్న గట్టు ఆపుతుంది. మీ అత్తగారి కోసం ఇంకొకటి చేయండి. అంచు చివర కింది వైపు సన్నటి మట్టి గట్టు ఉంచితే వేళ్లకు పట్టు దొరుకుతుంది. పట్టు దొరికిన పళ్లెం అంతే బరువున్నా తేలికగా తోస్తుంది.

ఆరబెట్టడంలో మన ఎండను తక్కువగా చూడకండి. ఒక మే నెలలో పెళ్లివారి కోసం 40 పళ్లేలు చేసి, వసారా తలుపు తీసి ఉంచి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వడగాలికి 11 పళ్లేల అంచులు పైకి లేచి ఉన్నాయి. అంచు ముందే ఆరి ముడుచుకుంటుంది, నడుమ ఇంకా తడిగానే ఉంటుంది. ఆ రెండింటి లాగులాటలోనే పళ్లెం వంగుతుంది. అప్పటి నుంచి అంచు చుట్టూ తడి నూలు పట్టీ కప్పి, నడుమ మాత్రం తెరిచి ఉంచుతున్నాను. అంచు నిలదొక్కుకోగానే బోర్లిస్తాను.

మన ఇళ్లలో ఉండే కడప బండ మీద తడి పళ్లేలు ఆరబెట్టకండి. ఆ రాయి నీరు పీల్చదు, కింద తడి అలాగే ఉండిపోతుంది. చెక్క పలకే మేలు. బండను పరీక్షకు వాడుకోండి. ఆరిన పళ్లేన్ని దాని మీద పెట్టి అంచును వేలితో నొక్కితే, ఊగేది వెంటనే తెలిసిపోతుంది. దాన్ని కాల్చకుండా నానబెట్టి మళ్లీ మట్టిలో కలపండి.

ప్రశ్న: పూత లేని మట్టి పళ్లెంలో చింతపండు పులుసు తింటే మరక పట్టి వాసన వస్తోంది. రంగు పూత వేయించుకోవచ్చా?
ఒక పాఠకుడు, రాజంపేట

జవాబు: మామూలు ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, కాలిన మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి, నూనె, పులుసు లోపలికి ఇంకుతాయి. వేడినీళ్లతో కడిగి ఎండలో పెడితే వాసన కొంత పోతుంది. సబ్బు మాత్రం వద్దు, అదీ ఇంకుతుంది. పూత వేయించవచ్చు గానీ అది సీసం లేనిదని, అన్నం తినే పాత్రలకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉండాలి. దానికి చెప్పిన వేడిమిలోనే కాల్చాలి. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. పూతలో సీసం ఉంటే పులుపు దాన్ని బయటికి లాగుతుంది, అది పిల్లల మెదడుకు చేటు. ఏ పూతో చెప్పలేని పళ్లేన్ని గోడకు తగిలించుకోండి, అందులో అన్నం పెట్టకండి.

ప్రశ్న: ఆవంలో పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చితే కింది రెండు మూడు ఎప్పుడూ పగులుతున్నాయి.
ఒక పాఠకుడు, మైదుకూరు

జవాబు: పూత లేనివైతే పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి కాస్త వాల్చి వరుసగా పేర్చండి. పైవాటి బరువు కిందివాటి మీద పడదు. మొదట్లో మంట చిన్నదిగా ఉంచి, పొగలో ఆవిరి పోయిందని తేలాకే పెంచండి. చల్లారేటప్పుడూ అంతే ఓపిక కావాలి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని ఇసుక రేణువులు ఒక్కసారిగా కుంచించుకుంటాయి. చల్లగాలి తగిలితే పళ్లెం అంచు ముందు చల్లబడి, నడుమ వేడిగా ఉండి, టప్పున పగులుతుంది. సాయంత్రం కాల్చితే మర్నాడు మధ్యాహ్నం దాకా తెరవకండి. బూడిదలో చెయ్యి పెట్టి నిదానంగా ఉంచగలిగినప్పుడు మొదటి పళ్లెం తీయండి.