బందరు ప్రముఖుల గురించి రాసిన అమ్మాయికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నువ్వు పంపిన కవరు సోమవారం అందింది. పద్నాలుగు మంది బందరు ప్రముఖులను పద్దెనిమిది పేజీల్లో సర్దావు. ఒకసారి చదివి పక్కన పెట్టేసరికి ఎవరు ఎవరో కలిసిపోయారు. పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదివితే కారణం తెలిసింది. నీ పద్నాలుగు మందీ సామాన్య కుటుంబంలో జన్మించి, స్వయంకృషితో ఎదిగి, తెలుగువారి గుండెల్లో చిరస్థాయిగా నిలిచిపోయారు. ఒకరి పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టినా పేరాకు ఏ ఇబ్బందీ రాదు.

ఇంకో మాట. మొదటి పేజీలోనే బందరు లడ్డు వచ్చింది. తిరుపతిలో కాపురం ఉంటున్నవాణ్ణి చెబుతున్నాను, ఊరి పేరు ఎత్తగానే నోట్లో లడ్డు పెట్టకమ్మా. ఆ బాధ మాకు బాగా తెలుసు.

ఆరో పేజీలో మాత్రం గట్టిగా గీత పెట్టాను. "మన తిరుపతికి చెందిన తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరులో ఉపాధ్యాయులుగా పనిచేశారు" అని రాశావు. బందరులో పాఠాలు చెప్పిన మాట నిజం. తిరుపతి మాత్రం ఊరు కాదు, మనిషి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, ఇద్దరి పేర్లూ కలిపితే వచ్చిన జంట పేరు అది. ఇద్దరూ గోదావరి ప్రాంతం వాళ్ళు. ఈ పొరపాటు మా వీధిలో కూడా చాలామంది చేస్తారు, చేసి గర్వపడతారు కూడా. నువ్వు రాసేదాన్ని రేపు అచ్చులో చదువుతారు కాబట్టి నీకు ఆ వీలు లేదు.

కలంకారీ గురించి ఒక్క వాక్యంలో తేల్చేశావు. చిత్తూరు పిల్లవై ఉండి, కాళహస్తి ఇంత దగ్గర పెట్టుకుని, అది ఎలా వదిలావో నాకు అర్థం కాలేదు. బందరు పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో కలంతో గీస్తారు. ఒక వేసవిలో ఒక పనివాడి పక్కన పూటంతా కూర్చుని చూశాను. వెదురు పుల్లకు మొన చెక్కి, మొనకు కాస్త పైన పీలికను ఉండలా చుట్టి దారంతో బిగించాడు. రంగులో ముంచి, పట్టుకున్నప్పుడు ఆ ఉండ మీద వేలితో నొక్కితే మొనకు రంగు దిగుతుంది. గుడ్డను అప్పటికే కరక్కాయ, పాలు కలిపి తడిపి ఆరబెట్టి ఉంచాడు. పాలు పట్టిన గుడ్డ మీద రంగు అటూ ఇటూ పాకదు. నల్లరంగంటే తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టిన రసం. గీసేటప్పుడు వెలిసిపోయినట్టు ఉంటుంది, కరక్కాయ తగిలాక చూస్తుండగానే నల్లబడుతుంది. ఒక దేవత కంటి గీత గీయడానికి ముందు అతను ఊపిరి బిగబట్టాడు. తుడిచి దిద్దుకునే వీలు లేదు మరి.

అచ్చుల పనిని తక్కువ చేయడం లేదు. రంగుకొక అచ్చు పెట్టి, ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా రాకుండా అద్దడం ఎంతో నేర్పు ఉంటే తప్ప కుదరదు. కాని దుప్పటికి పనికివచ్చే పద్ధతి మనుషులకు పనికిరాదు. నువ్వు పద్నాలుగు మందినీ ఒకే అచ్చుతో అద్దావు.

ఇక అసలు సంగతి. బందరు ప్రముఖుడు అంటే ఎవరు? నీ వ్యాసంలో ఈ ప్రశ్న లేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య పుట్టింది గుండుగొలనులో. వైద్యం చదివి బందరు వచ్చి ప్రాక్టీసు పెట్టి, 1923లో అక్కడే ఆంధ్రా బ్యాంకును ప్రారంభించారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు, ఆయన తమ్ముడు వెంకయ్య బందరులో పుట్టినవాళ్ళే. కాని అన్నగారి పేరు చెబితే కాకినాడ పిఠాపురం రాజా కళాశాల గుర్తొస్తుంది, తమ్ముడి పేరు చెబితే మద్రాసులో ఆయన కట్టిన గెయిటీ సినిమా హాలు గుర్తొస్తుంది. వీళ్ళలో ఎవరు బందరు మనిషి? పుట్టి వెళ్ళిపోయినవాళ్ళా, వచ్చి ఉండిపోయినవాడా? నా ఓటు పట్టాభికే. అన్నదమ్ములను కాకినాడకూ మద్రాసుకూ వదిలెయ్. బందరుకు ప్రముఖుల కరువేమీ లేదు.

మీ ఊరి సంగతే చూడు. కట్టమంచి రామలింగారెడ్డి విశాఖపట్నం ప్రముఖుల జాబితాలో తప్పకుండా ఉంటారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, మొదటి ఉపకులపతి, 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ పదవి వదిలేసి, 1936లో మళ్ళీ వచ్చిన మనిషి. వాల్తేరు వాళ్ళు ఆయన్ను మావాడు అంటే చిత్తూరు వాళ్ళకు కోపం రాదు. కాని "విశాఖలో జన్మించిన కట్టమంచి" అని ఎవరైనా రాస్తే కట్టమంచి చెరువు దగ్గర నిలబడి నువ్వేమంటావు? బందరు వాళ్ళూ నీ వ్యాసం చదివి అదే అంటారు.

పట్టాభి దగ్గర ఇంకో చిక్కు ఉంది. "ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకు నేటికీ సేవలందిస్తోంది" అన్నావు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాత పుస్తకంలోని "నేటికీ"ని మన వ్యాసంలోకి ఎత్తి రాసుకుంటే ఇలాగే అవుతుంది. 1939లో కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసుకు 1580 ఓట్లు వస్తే 1377 ఓట్లతో ఓడిన సంగతి రాశావు, బాగుంది. 1948లో జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షుడైన సంగతి వదిలేశావు. దానికంటే నాకు కావలసింది ఇంకొకటి. ఆంధ్ర రాష్ట్రం కావాలని దశాబ్దాలు వాదించిన ఈయనే, భాషారాష్ట్రాలను ప్రస్తుతానికి వాయిదా వేయమన్న జేవీపీ సంఘంలో నెహ్రూ, పటేల్‌ల పక్కన మూడోవాడు. జవాహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి: ఆ పేరులో పీ ఆయనదే. అక్కడ ఆగి రాయాలి. ఆ రోజు ఆయనకు ఎలా ఉండి ఉంటుందో నువ్వు ఊహించనక్కర్లేదు. రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టు చాలు.

పింగళి వెంకయ్య గురించి చెప్పే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నీ వయసులో ఒక పత్రికకు ఆగస్టు 15 కోసం వ్యాసం రాశాను. ఎర్రకోట మీద ఎగురుతున్న జెండా ఉన్నదున్నట్టుగా ఆయన గీసిందే అని ధాటిగా రాశాను. వారం తర్వాత ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడి దగ్గర నుంచి కార్డు ముక్క వచ్చింది. దాని మీద మూడు అంకెలు: 1921, 1931, 1947. కింద "దయచేసి చూడగలరు." అంతే. తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణి.

చూశాను. గాంధీ 1921 ఏప్రిల్ 13 నాటి తన పత్రిక యంగ్ ఇండియాలో ఆ కథ స్వయంగా రాశారు. బందరు జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య జెండాల నమూనాలతో పుస్తకం వేశారనీ, నాలుగేళ్ళుగా ప్రతి కాంగ్రెసు సభలోనూ జెండా సంగతి పట్టుదలగా ఎత్తుతున్నారనీ మెచ్చుకున్నారు. ఆ వెంటనే, ఆ నమూనాలేవీ తనను కదిలించలేదని కూడా చెప్పేశారు. రాట్నం పెట్టాలన్న ఆలోచన జలంధరుకు చెందిన లాలా హంసరాజుది. బెజవాడ సమావేశంలో గాంధీ అడగ్గా, హిందువులకు గుర్తుగా ఎరుపు, ముస్లిములకు గుర్తుగా ఆకుపచ్చ, వాటి మీద రాట్నంతో వెంకయ్య మూడు గంటల్లో జెండా సిద్ధం చేసి ఇచ్చారు. అయినా సభ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది. ఆలస్యం కావడమే మంచిదైందని గాంధీ అనుకున్నారు, ఎందుకంటే తక్కిన మతాల వారికోసం తెలుపు కూడా ఉండాలని ఆ తర్వాత తోచింది. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జూలై 22న రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది.

ఇది తెలిసి వెంకయ్య నా దృష్టిలో చిన్నవాడు కాలేదు. నాలుగేళ్ళు ఎవరూ పట్టించుకోని పుస్తకం చంకన పెట్టుకుని సభల చుట్టూ తిరిగి, అడిగిన రోజున మూడు గంటల్లో గీసి ఇచ్చిన మనిషి కనిపించాడు. పత్తి పంట మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్న మనిషి కూడా ఆయనే. నువ్వు మాత్రం ఆయన కథను 1963లో చనిపోయిన పేదరికంతో మొదలుపెట్టి, కన్నీళ్ళతో ముగించావు. చదివేవాణ్ణి ఏడిపించాలన్న తొందర ఎక్కువైంది. ఆ మూడు గంటలతో మొదలుపెట్టి చూడు.

ప్రముఖుల జాబితాలో ఎప్పుడూ ఇమడని సంగతి ఒకటుంది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చి దాదాపు 30,000 మంది పోయారు. వెంకటరత్నం పుట్టింది 1862లో. ఈ రెండూ నీ వ్యాసంలో ఏడు పేజీల ఎడంగా ఉన్నాయి. ఆ రాత్రి ఆ కుటుంబం ఎక్కడుందో కాగితం దొరికితే రాయి. దొరకకపోతే "పసివాడిని గుండెలకు హత్తుకున్న తల్లి" అని మాత్రం రాయకు. నీ శైలి చూస్తే అది రాస్తావేమోనని భయంగా ఉంది.

నువ్వు ఇంకా బందరు చూడలేదన్నావు. నేను ఒక్కసారే వెళ్ళాను. బెజవాడలో రైలు దిగి బస్సెక్కి, కోనేరు సెంటరులో ఒక సోడా బండి దగ్గర నిలబడి పట్టాభిగారి ఇల్లు ఎక్కడని అడిగాను. "ఏ పట్టాభిగారండీ, కరెంటాఫీసు ఆయనా?" అన్నాడు బండి మనిషి. నవ్వాను కాని, తిరిగివచ్చాక రాసిన వ్యాసానికి అదే మొదటి వాక్యమైంది. ఇంట్లో కూర్చుని ఉంటే ఆ వాక్యం నాకు తట్టేది కాదు. రైలు ఖర్చు సంగతి మొహమాటపడకుండా చెప్పు, చూద్దాం.

పద్నాలుగు మందీ వద్దు. ముందు పింగళి వెంకయ్య ఒక్కడినే నాలుగు పేజీల్లో రాసి పంపు. "చిరస్మరణీయ" అన్న మాట లేకుండా. తర్వాత పట్టాభి. మూడోవాడు ఎవరో నువ్వే నిర్ణయించుకో, నాకు చెప్పకు. నీ కవరు ఇక్కడే ఉంచాను, పెన్సిలు గీతలతో సహా. పై వారం చెల్లెలి పెళ్ళి బట్టలకు తిరుపతి వస్తున్నామన్నావు కదా, అప్పుడు ఇంటికి వచ్చి తీసుకువెళ్ళు. సాయంత్రం నాలుగు దాటాక రా, అంతకుముందు నేను నిద్రపోతాను.

నీ మేలు కోరే
మాస్టారు