బండి సందేహాలు: నాలుగేళ్ల బండి ఇచ్చి పదిహేడేళ్ల బండి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: నా బండి నాలుగేళ్లది. 160 సీసీ, సింగిల్ సిలిండర్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉంది. కొన్నప్పటి నుంచి నేనే నడుపుతున్నాను, 38 వేల కిలోమీటర్లు తిరిగింది, ఒక్కసారి కూడా నన్ను దారిలో నిలబెట్టలేదు. ఆఫీసుకు రానూ పోనూ రోజుకు 44 కిలోమీటర్లు. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన నా బండి తీసుకుని తన 400 సీసీ ట్విన్ సిలిండర్ బండి ఇస్తానంటున్నాడు, పైన ఎవరూ ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదట. అది 17 ఏళ్ల బండి, కార్బురేటర్, ఏబీఎస్ లేదు, మీటరు 29 వేలే చూపిస్తోంది, నలుగురి చేతులు మారింది. ఒక రౌండ్ వేసి వచ్చాను సార్, ఆ సౌండ్ చెవుల్లోంచి పోవట్లేదు. ఇంట్లో మాత్రం నీకేమైనా పిచ్చా అంటున్నారు. ఇంకో బండి కొనే స్తోమత లేదు, మాకు ఉన్నది ఇదొక్కటే. మార్చుకోమంటారా?

జవాబు: ఉత్తరం చివర్లో, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పినట్టు, ఉన్నది ఇదొక్కటే అని రాశారు చూడండి, నా జవాబు అక్కడుంది. వద్దు. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఇది ఆదివారం పూట తీసే బండి అయితే నేనే వెనకెక్కి వచ్చి తీసుకోండి అనేవాణ్ణి. ఇక్కడితో ఆపి పేజీ తిప్పేయొచ్చు, కానీ మీరు తిప్పరని తెలుసు, ట్విన్ సిలిండర్ సౌండ్ ఒకసారి చెవిలో పడితే ఎలా ఉంటుందో నాకూ అనుభవమే, అందుకే మిగతాది రాస్తున్నాను.

మీ బండికి బయట ఎంత పలుకుతుందో ఆయన ఎప్పుడో లెక్క వేసుకునే ఉంటాడు. మీరు లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది, ఆ బండి గురించి మీకు తెలిసినదంతా. ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఎప్పుడు ఏ వైపు పడిందో, క్లచ్ ఎంత వదిలితే అందుకుంటుందో, గుంతలో దిగినప్పుడు వచ్చే చప్పుళ్లలో ఏది రోజూ వినేదో ఏది కొత్తదో మీకు తెలుసు. అదంతా ఆయన చేతిలో పెట్టి, నలుగురు నడిపిన బండి, వాళ్లలో ముగ్గురెవరో కూడా తెలియని బండి మీరు తెచ్చుకుంటున్నారు. డబ్బు చేతులు మారకపోతే సమానానికి సమానం అనిపిస్తుంది గానీ, ఇందులో ఒక వైపు అంతా తెలిసిందే, రెండో వైపు అంతా ఆయన మాటే.

ఆ 29 వేల సంగతి కూడా చూద్దాం. 17 ఏళ్లకు 29 వేలంటే ఏడాదికి 1,700, రోజుకు అయిదు కిలోమీటర్లు కూడా కాదు. అయితే మీటరు మార్చి ఉండాలి, లేదా బండి ఏళ్ల తరబడి మూల పడి ఉండాలి. మొదటిదైతే ఫుట్‌రెస్ట్ రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పులు, బ్రేకు పెడల్ అంచు చెప్పేస్తాయి, మీటరు వెనక్కి తిప్పేవాడు పెడల్ అంచు అరుగుదల దాకా ఆలోచించడు. రెండోదైతే సంతోషించాల్సిన పని లేదు. నిలబడిన బండి కూడా పాడవుతుంది, తిరిగిన బండి కన్నా దొంగతనంగా పాడవుతుంది. కార్బురేటర్‌లో మిగిలిపోయిన పెట్రోలు ఆవిరైపోయి అడుగున జిగురు పేరుకుంటుంది, అందులో పెట్రోలు వెళ్లే పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం, అది పూడుకుపోవడానికి ఎంతసేపు. ట్యాంకు లోపల తుప్పు, ఎండిపోయిన సీళ్లు, పగుళ్లు పట్టిన రబ్బరు పైపులు వీటికి అదనం. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది, ఆ పెట్రోలును దృష్టిలో పెట్టుకోకుండా చేసిన పాత రబ్బరు దాని దెబ్బకు ఉబ్బుతుంది లేదా పెళుసెక్కుతుంది.

నేనూ ఒకసారి ఇలాగే మార్చుకున్నాను లెండి. నాదీ బాగా నడుస్తున్న బండే, తెచ్చుకున్నది పద్నాలుగేళ్లది. మొదటి వారం రాత్రిపూట యాక్సిలరేటర్ ఇస్తుంటే హెడ్‌లైట్ పట్టపగల్లా వెలిగేది, పాత బండికి ఎంత లైటింగో అని మురిసిపోయాను, ఇద్దరు ముగ్గురికి చూపించాను కూడా. రెండో వారం బల్బు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. ఒకరోజు సీటు కింది నుంచి కుళ్లిన గుడ్డు వాసన, తెరిచి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ను అదుపులో పెట్టే రెగ్యులేటర్ రెక్టిఫయర్ పోయి, 14 వోల్టుల చుట్టూ ఉండాల్సిన ఛార్జింగ్ 17 దాకా ఎక్కుతోందని మెకానిక్ మీటరు పెట్టి చూపించాక గానీ నా లైటింగ్ రహస్యం తెలియలేదు. అదేం పెద్ద పార్టు కాదు, అరచేతిలో పడుతుంది. కానీ ఆ మోడల్‌కి కంపెనీ దాన్ని చేయడం మానేసింది. వాడిన పార్టు ఒకటి వెతికి తెప్పించేసరికి మూడు వారాలు, ఆ మూడు వారాలూ నేను బస్సులో. అప్పుడు నాకు కోపం వచ్చింది అమ్మినవాడి మీద కాదు, పాపం ఆయనకూ తెలియదు. వాడకంలో ఉన్న బండిని చేతులారా ఇచ్చుకున్నానే అని నా మీదే.

అందుకే మీకు 44 కిలోమీటర్ల గురించి అంత గట్టిగా చెప్తున్నాను. పాత బండి చెడిపోతుందనేది అసలు భయం కాదు, ఏ బండైనా చెడిపోతుంది. చెడినప్పుడు పార్టు రేపు దొరుకుతుందా వచ్చే నెల దొరుకుతుందా అన్నదే తేడా, ఆ వచ్చే నెల దాకా మీరూ మీ ఇంట్లోవాళ్లూ ఎలా తిరుగుతారన్నదే ప్రశ్న. ఆ మోడల్‌కి క్లచ్ కేబుల్, బ్రేకు ప్యాడ్లు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ సిలిండర్‌కీ మధ్య ఉండే పొర), రెగ్యులేటర్, ఈ నాలుగూ ఉన్నాయా అని ముందు స్పేర్ల దుకాణంలో అడగండి. బండి చూడటానికి వెళ్లేది ఆ తర్వాతే. చాలామంది ఉల్టా చేస్తారు, ముందు బండి చూసి మనసు పారేసుకుని, ఆ తర్వాత స్పేర్లు ఎలాగోలా దొరక్కపోతాయా అనుకుంటారు.

ఏబీఎస్ లేకపోవడాన్ని మీరు ఒక్క ముక్కలో రాసేశారు, నాకది చిన్న సంగతిలా అనిపించలేదు. బీఎండబ్ల్యూ వాళ్లు కే100 మోడల్‌కి 1988లోనే ఏబీఎస్ పెట్టినా, చిన్నా మధ్య తరహా బండ్ల దాకా దిగి రావడానికి చాలా ఏళ్లు పట్టింది, కాబట్టి ఆ వయసు బండికి లేకపోవడంలో వింతేమీ లేదు. కానీ నాలుగేళ్లుగా మీ చెయ్యి ఏబీఎస్‌కి అలవాటు పడిపోయింది. ఎవరో అడ్డమొస్తే గబుక్కున గట్టిగా నొక్కేస్తుంది, మీరు చెప్పినా వినదు. తడి రోడ్డు మీద ఆ నొక్కుడుకు ముందు చక్రం బిగుసుకుపోయిందంటే పడటమే. బండి పైగా బరువైంది. తీసుకున్నా సరే, మొదటి కొన్ని వారాలు ఖాళీ స్థలంలో బ్రేకు కొద్దికొద్దిగా పెంచుతూ నొక్కడం చెయ్యికి మళ్లీ నేర్పాలి.

ఇంత చెప్పినా మళ్లీ చూడటానికి వెళ్తారు కదా, వెళ్లండి. వెళ్లగానే బండి చుట్టూ తిరగకుండా ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరొచ్చే ముందు ఆయన స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట, ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ అబద్ధం చెప్పలేదు. కార్బురేటర్ బండి కాబట్టి చోక్ లాగాల్సి రావడం మామూలే, ఒకట్రెండు నిమిషాల్లో చోక్ తీసేసినా నిలకడగా ఆడాలి. సైలెన్సర్ దగ్గర కాస్త తెల్లటి ఆవిరి కనిపించి పోతే అది లోపలి తేమ, పట్టించుకోకండి. నీలం పొగ స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తుంటే రింగులు, అంటే ఇంజిన్ బోరుకొచ్చింది, అక్కడితో నమస్కారం. కూలెంట్ ఉన్న ఇంజిన్ అయి తెల్ల పొగ ఎంతసేపటికీ తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి.

సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లో ఉండేలా వెనక ఎవరినైనా నొక్కమని, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క వేలితో మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో టక్కుమని కూర్చుంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టు. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను వెనక్కి లాగితే పన్ను సగం దాకా బయటపడుతోందంటే చైన్ సెట్ మొత్తం మార్చాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు ఎంత లోతుగా ఉన్నా పదేళ్ల టైరు టైరు కాదు. పెట్రోలు మూత తీసి లోపలికి చూడండి, టార్చి వేసి చూడండి, లైటర్ వెలిగించి కాదు (నవ్వకండి, వెలిగించబోయినవాణ్ణి నేను చేయి పట్టుకుని ఆపాను). వీలైతే చిన్న మల్టీమీటర్ తీసుకెళ్లి నా పొరపాటు మీరు చేయకుండా చూసుకోండి, ఇంజిన్ ఆడుతూ కాస్త యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు బ్యాటరీ దగ్గర పదమూడున్నరకూ పద్నాలుగున్నరకూ మధ్యలో ఉండాలి, 15 దాటకూడదు.

ఆ తర్వాత కాగితం తీసుకుని రెండు టైర్లు, చైన్ సెట్, బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, ఫోర్కు సీళ్లు, కార్బురేటర్ సర్వీసు, వీటిలో వేయించాల్సినవి రాసుకుని రేట్లు కనుక్కోండి. ఆ మొత్తం ఆ బండి విలువలో నాలుగో వంతు దాటితే పైన డబ్బు మీకు రావాలి. ఈ నాలుగో వంతు నా సొంత లెక్కే, ఎక్కడా రాసి లేదు.

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కాగితాలతో అంకె అంకె సరిపోవాలి. రెండు బండ్ల పేర్లూ ఒకే రోజు మారాలి, మీ బండి ఆయన తీసుకెళ్లి పేరు మార్చుకోకుండా తిప్పితే రేపు ఏం జరిగినా వెతుక్కుంటూ వచ్చేది మీ దగ్గరికే.

పాత బండి తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. దాని ధర పడాల్సినంతా ఎప్పుడో పడిపోయింది, రెండేళ్లు నడిపి అమ్మినా పెద్దగా పోయేదేమీ ఉండదు. సెన్సార్లు తక్కువ, పానా పట్టుకోవడం ఇష్టమైతే చాలా పనులు ఇంట్లోనే చేసుకోవచ్చు. మీకు ఆ ఇష్టం ఉందో లేదో ఉత్తరంలో లేదు. సౌండ్ మీదే ఉంటే మాత్రం, ఏడాది ఆగి, డబ్బు కూడబెట్టి, ఈ బండి ఉంచుకునే రెండోదిగా కొనండి. ఇలాంటి బండ్లు ఆయన దగ్గర ఒక్కటే లేవు.

ప్రశ్న: రెండేళ్ల బండికి ఇంకా కంతులు కడుతున్నాను. దాన్ని ఇచ్చి పదేళ్ల బండి, పైన కొంత డబ్బు తీసుకుంటే అప్పు తీరిపోయి టెన్షన్ పోతుంది. తప్పా?

జవాబు: తప్పేం లేదు, బండి కన్నా నిద్ర ముఖ్యం. కానీ మార్పిడిగా చేయకండి. మీ బండి విడిగా అమ్మండి, అది విడిగా కొనండి. కలిపి బేరమాడితే మీ బండికి తగ్గించింది ఎంతో, వాళ్ల బండికి పెంచింది ఎంతో మీకు తెలియదు. అప్పు తీరి, ఇచ్చినవాళ్ల నుంచి తీరిందన్న కాగితం చేతికొచ్చేదాకా బండి ఎవరికీ అప్పగించకండి. పదేళ్లది కొనేటప్పుడు రోడ్డు మీద ఎక్కువగా కనిపించే మోడలే చూడండి, అందంగా లేకపోయినా స్పేర్లుంటాయి.

ప్రశ్న: మార్చుకుని పది రోజులైంది. అరగంట నడిపాక బండి ఆగిపోతోంది, పది నిమిషాలుంటే మళ్లీ స్టార్టవుతోంది. మోసపోయానంటారా?

జవాబు: అప్పుడే అనకండి. ఈసారి ఆగిన వెంటనే పెట్రోలు మూత తెరవండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, బండి కాసేపటికే స్టార్టయితే మూతలో గాలి రంధ్రం పూడుకుందంతే, ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగట్లేదు, శుభ్రం చేస్తే సరిపోతుంది. చప్పుడేమీ రాకపోతే అక్కడే, వేడి మీదే ప్లగ్ తీయించి స్పార్క్ చూడాలి. షెడ్డుకి తీసుకెళ్లేసరికి చల్లారిపోయి అన్నీ బాగానే ఉంటాయి, మెకానిక్ మిమ్మల్ని వింతగా చూస్తాడు. వేడికి స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ గానీ, స్పార్క్ ఎప్పుడు రావాలో చెప్పే పికప్ కాయిల్ గానీ తెగిపోయి చల్లారాక కలుస్తుంటే ఇలాగే అవుతుంది. అదీ కాకపోతే వాల్వ్ క్లియరెన్స్ బిగుసుకుందేమో చూపించండి. మూత తీసినప్పుడు చప్పుడు వచ్చిందో లేదో మాత్రం నాకు రాయండి.